ఫోన్‌లో లొకేషన్ సర్దుకున్న నా అనుభవం

నేను రోజూ శ్రీకాకుళం నుంచి టెక్కలికి బస్సులో ఉద్యోగానికి వెళ్లి వస్తాను. మొన్న వేసవిలో, ఉదయం పూర్తి ఛార్జింగుతో బయలుదేరిన ఫోను సాయంత్రం తిరుగు బస్సు నరసన్నపేట చేరకముందే ఆగిపోవడం మొదలైంది. చీకటి పడ్డాక నేను ఎక్కడున్నానో తెలియక అమ్మ గుమ్మంలోనే నిలబడి ఎదురుచూసిన రోజున, దీని సంగతి తేల్చుకోవాలని కూర్చున్నాను.

"లొకేషన్ మొత్తం ఆపేయి అక్కా" అన్నాడు తమ్ముడు. ఆపేశాను. ఛార్జింగు కొంత నిలిచింది కానీ, బస్సు ఎంతదాకా వచ్చిందో అమ్మ చూసుకునే లైవ్ లొకేషన్ కూడా పోయింది. అందుకే మళ్లీ ఆన్ చేసి, ఒక్కొక్క యాప్‌నూ విడిగా చూడసాగాను.

2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి సెట్టింగ్స్‌లో గోప్యతా డ్యాష్‌బోర్డ్ ఉంది. గడిచిన 24 గంటల్లో ఏ యాప్ ఎన్ని గంటలకు లొకేషన్ తీసుకుందో అది వరుసగా చూపుతుంది. నెల రోజులుగా తెరవని ఒక షాపింగ్ యాప్, నేను నిద్రలో ఉండగా, రాత్రి రెండు దాటాక మా ఇంటి చోటును తీసుకున్నట్టు అందులో కనిపించింది. బ్యాటరీ పోయినందుకు కలిగిన చిరాకు కంటే ఇది చూసి కలిగిన బాధే పెద్దది. లొకేషన్ తెలియడానికి ఉపగ్రహాలు మన ఫోనును వెతకవు. కనీసం నాలుగింటి సంకేతాలు అందుకొని ఫోనే తన చోటును లెక్కకట్టుకుంటుంది. ఆ లెక్క అప్పుడప్పుడు జరిగితే పెద్ద భారం కాదు గానీ, తెర ఆరిపోయాక కూడా యాప్‌లు మాటిమాటికీ అడుగుతుంటే ఛార్జింగు కరిగిపోతుంది. ఆ యాప్‌కు 'అన్ని వేళలా' అన్న అనుమతి ఎప్పుడో నేనే ఇచ్చి ఉన్నాను, వెంటనే తీసేశాను.

పంచాంగం యాప్ దగ్గర కాసేపు ఆలోచించాను. సూర్యోదయం ఊరిని బట్టి మారుతుంది కనుక దానికి లొకేషన్ అవసరమే. అయితే మూడు నాలుగు కిలోమీటర్ల దూరానికి ఆ తేడా కొన్ని సెకన్లకు మించదు. మా వీధి దానికి తెలియనక్కర లేదు. 'ఖచ్చితమైన లొకేషన్' మీట ఆపి, సుమారు చోటు మాత్రమే ఇచ్చాను. మ్యాప్స్‌కు వాడుతున్నప్పుడు మాత్రమే అనుమతి ఇచ్చాను. వైఫై ఆపినా, లొకేషన్ తెలుసుకోవడానికి చుట్టుపక్కల వైఫైల కోసం వెతికే వైఫై స్కానింగ్‌ను కూడా ఆపేశాను.

ఛార్జింగు ఖర్చవుతుందని తెలిసినా లైవ్ లొకేషన్‌ను మాత్రం వదులుకోలేదు. వాట్సాప్‌లో 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడే గడువులున్నాయి. నా ప్రయాణం గంట దాటుతుంది కాబట్టి 8 గంటలు పెట్టి, శ్రీకాకుళం బస్సు కాంప్లెక్స్‌లో దిగగానే నేనే ఆపేస్తాను.

చివరికి మిగిలింది కెమెరా. సంక్రాంతికి మా వాకిట్లో తీసిన ముగ్గు ఫోటో వివరాలు తెరిస్తే, కింద మ్యాప్‌లో మా వీధి గుర్తు పెట్టి ఉంది. ఇకపై తీసే ఫోటోలకు ఆ గుర్తు పడకుండా లొకేషన్ ట్యాగ్ ఆపాను కానీ, పాతవాటిలో అది అలాగే ఉంది. వాటిని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే మా వీధి కూడా వాటి వెంటే వెళుతుంది. ఇప్పుడు ఆదివారాల్లో ఒక్కొక్క ఫోటో తెరిచి ఆ గుర్తు తీసేస్తున్నాను.