గుట్టలకు పోయేటప్పుడు నా సంచిలో ఉండే రిపేరు డబ్బా

నా రిపేరు సామాను మొత్తం ఒక ప్లాస్టిక్ సబ్బు పెట్టెలో పడుతుంది. మూత ఊడిపోకుండా పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలు రెండు బిగిస్తాను. అవసరం పడితే ఆ పట్టీలు కూడా ఏదో ఒకటి కట్టడానికి పనికొస్తాయి. హన్మకొండ నుంచి పాండవుల గుట్టలకు పోయినా, లక్నవరం పోయినా, తాడ్వాయి అడవి వైపు పోయినా, నీళ్ల సీసా తర్వాత నేను సంచిలో వేసుకునేది ఈ డబ్బానే.

ఆన్‌లైన్‌లో రెడీమేడ్ కిట్లు చాలా ఉన్నాయి. అవి చెడ్డవని అనను. కానీ మన దగ్గరున్న సామాన్లలో ఏది చెడిపోతే ప్రయాణం అక్కడే ఆగిపోతుందో కిట్ తయారుచేసేవాళ్లకు ఎట్లా తెలుస్తుంది? అందుకే ఒక ఆదివారం బ్యాగు, బూట్లు, టెంటు, కింద పరుచుకునే గాలి పరుపు, హెడ్ టార్చ్ అన్నీ హాల్లో పరిచి, ఒక్కొక్కటి చేతిలోకి తీసుకుని ఎక్కడ తెగే అవకాశం ఉందో చూశాను. చొక్కా చిరిగితే ఇంటికొచ్చి కుట్టుకోవచ్చు. పది కిలోల బరువు మోస్తున్నప్పుడు భుజం పట్టీ తెగితే ఆ సంచిని చంకలో పెట్టుకుని గుట్ట దిగలేం. డబ్బాలోకి ఏం రావాలో అట్లా తేలింది. వాటిలో చాలావరకు వరంగల్‌లో చెప్పులు కుట్టేవాళ్లు, బ్యాగులు బాగుచేసేవాళ్లు, మార్కెట్‌లో బస్తాలు కుట్టేవాళ్లు రోజూ వాడేవే.

అన్నింటికంటే ముందు దబ్బనం. మా పెద్దబాపు ఎనుమాముల మార్కెట్‌లో చాలా ఏళ్లు మిర్చి బస్తాలు కుట్టాడు. నాకు దబ్బనం పట్టుకోవడం నేర్పింది ఆయనే. బస్తా మూతి కుట్టే దబ్బనానికి మొన దగ్గర కొంచెం వంపు ఉంటుంది. కన్ను పెద్దది కాబట్టి లావు దారం సులువుగా ఎక్కుతుంది. బ్యాగు పట్టీ అతుకు దగ్గర బట్ట రెండు మూడు పొరలు ఉంటుంది, మామూలు సూది అక్కడ వంగిపోతుంది. దబ్బనం దిగుతుంది. నేను అన్నింటికన్నా చిన్న సైజుది తీసుకుని మొనకు పెన్ను రీఫిల్ ముక్క తొడిగాను. టెంటు బట్టకు మాత్రం దీన్ని వాడొద్దు. అది పెట్టే చిల్లు పెద్దది, వాన పడితే అక్కడి నుంచే నీళ్లు కారుతాయి. దానికోసం సన్న సూదులు రెండు వేరే పెట్టుకున్నాను.

దారం విషయంలో నాకు కొంచెం పట్టింపు ఎక్కువే. నూలు దారం చెమటకు, వానకు తడిసీ తడిసీ పుచ్చిపోతుంది. బ్యాగు పట్టీలకు చెప్పులు కుట్టేవాళ్లు వాడే మైనం పట్టించిన నైలాన్ దారం తీసుకున్నాను. చౌరస్తా దగ్గర కూర్చునే పెద్దమనిషి తన ఉండలోంచే నాలుగు బారలు కొలిచి ఇచ్చాడు. టెంటుకు పాలిస్టర్ దారం మంచిది. నైలాన్‌కు బలం ఎక్కువే, కానీ ఎండలో ఎక్కువ కాలం నిలిచేది పాలిస్టరే. కొన్న దారాన్ని పెద్దబాపుకు చూపిస్తే, మూర పొడవు తీసి రెండు చేతులకు చుట్టుకుని గట్టిగా లాగాడు. “ఇంటి దగ్గరనే గుంజి సూడాలె బిడ్డా, తొవ్వల తెగితే ఏం లాభం?” అన్నాడు. అప్పటినుంచి డబ్బాలోకి వచ్చే ప్రతి వస్తువునూ ముందు ఇంట్లో ఒకసారి వాడి చూస్తున్నాను.

పట్టీ కుట్టే పద్ధతి కూడా ఆయన చెప్పిందే. అడ్డంగా ఒకే గీతలో దగ్గర దగ్గరగా కుడితే, బరువు పడ్డప్పుడు ఆ చిల్లుల వెంబడే చినుగుతుంది. అట్లా కాకుండా చుట్టూ చదరంగా కుట్టి, లోపల మూల నుంచి మూలకు ఇంటూ గుర్తులా కుట్టాలి. ప్రతి కుట్టుకూ సూదిని సగం వెనక్కి తెచ్చి మళ్లీ ముందుకు దింపితే, ఒక కుట్టు తెగినా పక్కవి నిలబడతాయి.

ఇక చైను. బ్యాగుది కానీ టెంటు తలుపుది కానీ, రన్నర్ లాగితే ముందుకు పోతుంది, వెనకాల మాత్రం పళ్లు విచ్చుకునే ఉంటాయి. చాలామంది చైను మొత్తం పోయిందనుకుంటారు. చాలాసార్లు పళ్లు బాగానే ఉంటాయి, అరిగేది రన్నర్. లోహపు రన్నర్ పెదవులు అరిగి విచ్చుకుంటే, పళ్లను దగ్గరికి నొక్కే పట్టు పోతుంది. చిన్న పట్కారుతో రన్నర్ వెనక భాగాన్ని ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు కొద్దికొద్దిగా నొక్కి, ప్రతిసారీ లాగి చూడాలి. ఒకేసారి గట్టిగా నొక్కితే రన్నర్ బిగుసుకుపోతుంది, లేదా పగులుతుంది. ఇది తాత్కాలికమే, కొన్నాళ్లకు రన్నర్ మార్చాల్సిందే. మార్చడానికి రన్నర్ వెనక చూడండి, 5 అనో 8 అనో అంకె ఉంటుంది. అదే సైజు, అదే రకం చైనుకు సరిపోయేది కొనాలి. నా టెంటుకు, బ్యాగుకు సరిపోయే రన్నర్లు ఒక్కొక్కటి డబ్బాలో ఉన్నాయి. అరగడానికి సగం కారణం దుమ్మే. మన ఎర్రమట్టి దారుల్లో తిరిగి వచ్చాక పాత టూత్ బ్రష్‌తో పళ్లు దులిపి, కొవ్వొత్తి ముక్కతో ఒకసారి రుద్దితే రన్నర్ చాలాకాలం వస్తుంది.

జిగురు అనగానే అందరూ ఫెవిక్విక్ అంటారు. అది గట్టి ప్లాస్టిక్ ముక్కలకు మంచిదే. వంగే చోట పెడితే మాత్రం పెళుసుగా అయి ఊడిపోతుంది. నూలు బట్ట మీద, దూది మీద పోయకండి. రసాయన చర్య వేగంగా జరిగి చర్మం కాలేంత వేడి పుడుతుంది. బూటు అడుగు ఊడితే చెప్పుల షాపుల్లో వాడే పసుపురంగు సొల్యూషన్ సరైనది. రెండు వైపులా పలచగా రాసి, కొంచెం ఆరనిచ్చి, అప్పుడు గట్టిగా అదమాలి. తడిగా ఉన్నప్పుడే అతికిస్తే పట్టదు.

కానీ అన్ని బూట్లకూ జిగురు పనిచేయదు. మా తమ్ముడి బూటు అడుగు పాండవుల గుట్టల దగ్గర బండల మీద నడుస్తుంటే విడిపోయింది. పైకి కొత్తదానిలాగే ఉంది, కొని చాలా ఏళ్లు అటక మీద పెట్టాడు. చాలా ట్రెక్కింగ్ బూట్లలో అడుగుకు, పైభాగానికి మధ్య పాలియురేథేన్ నురగ పొర ఉంటుంది. గాలిలోని తేమతో అది లోపల్లోపలే విరుగుతూ వస్తుంది, వాడకుండా మూలన పెట్టినా ఆగదు. వేలితో గోకితే పొడి రాలింది. పొడి మీద ఏ జిగురు నిలబడుతుంది? సన్నటి నైలాన్ తాడును అడుగు కింద, మడమకు ముందుండే పల్లంలో నుంచి తీసి, పైన లేసులతో కలిపి ముడేశాను. ముందు వేళ్ల దగ్గర ఇంకో చుట్టు. రాళ్లకు రాసుకుని టేపు ఎట్లాగూ చిరుగుతుంది, తాడు మాత్రం రోడ్డు దాకా వచ్చింది. అందుకే రెండు మీటర్ల తాడు డబ్బాలోంచి ఎప్పుడూ తీయను.

డక్ట్ టేపు ఉండ మొత్తం మోయాల్సిన పని లేదు, నీళ్ల సీసాకు నాలుగైదు చుట్లు చుట్టుకుంటే చాలు. మే నెలలో ఎండలో నిలిపిన కారులో మాత్రం వదిలేయకండి, జిగురు కరిగి పక్కలకు కారుతుంది. టెంటు చిరుగుకు వేసేటప్పుడు మెడికల్ షాపులో దొరికే స్పిరిట్ ప్యాడ్‌తో తుడిచి, ఆరాక, లోపలా బయటా రెండువైపులా అంటించాలి. ముక్క మూలల్ని కత్తెరతో గుండ్రంగా చేయండి. కోసుగా ఉన్న మూల ముందు లేస్తుంది, అక్కడి నుంచి మొత్తం ఊడుతుంది.

గాలి పరుపుకు తుమ్మ ముల్లు దిగితే సైకిల్ పంక్చర్ సొల్యూషన్ పనికిరాదు. అది రబ్బరు కోసం. పరుపుతో వచ్చిన అతుకు ముక్కలే దాచుకోవాలి. చిల్లు కనబడకపోతే సబ్బు నీళ్లు పూస్తే బుడగలు చెబుతాయి.

టెంటు కర్ర విరిగితే కట్టడానికి పాత టీవీ యాంటెనా గొట్టం నుంచి జానెడు ముక్క కోయించాను. కర్ర దూరేంత సందు ఉండాలి, అంతకన్నా వదులు ఉండొద్దు. అంచులు ఆకురాయితో రుద్దించుకోండి. విరిగిన చోట గొట్టాన్ని తొడిగి రెండు చివర్లా టేపు చుడితే ఆ రాత్రికి టెంటు నిలబడుతుంది. ఫైబర్ కర్రలైతే విరిగిన చోట పీచు చేతుల్లో గుచ్చుకుంటుంది, గుడ్డ చుట్టుకునే పట్టుకోండి.

టెంటు లేనివాళ్లకు కూడా ఒకటి చెప్పాలి. రెండేళ్లకోసారి మేడారం జాతరకు పోయే కుటుంబాలు చెట్ల కింద, పొలాల్లో టార్పాలిన్లు కట్టుకునే ఉంటాయి. గాలి ఎక్కువైతే ముందు చిరిగేది మూలన ఉన్న రింగు. దానికి సూది అక్కర్లేదు. చిరిగిన చోటికి కొంచెం లోపలగా, బట్ట కింద నిమ్మకాయంత నున్నని రాయి పెట్టాలి. బట్టను రాయి చుట్టూ మూటలా దగ్గరికి తీసి, మెడ దగ్గర తాడు బిగించాలి. ఎంత లాగినా ముడి రాయి మీదుగా జారదు, బరువు ఒక్క చిల్లు మీద పడకుండా రాయి చుట్టూ పంచుకుంటుంది. పదునైన రాయి మాత్రం వద్దు, బట్టను కోస్తుంది.

డబ్బాలో ఇంకా ఒక లోటు ఉంది. మా అక్క కొన్న కొత్త టెంటుకు టేపు ముక్క అంటించి చూస్తే, లాగకముందే ఊడి వచ్చింది. దాని బట్టకు సిలికాన్ పూత ఉంది. దాని మీద మామూలు జిగుర్లేవీ నిలవవు, సిలికాన్ జిగురే కావాలి. ఈ శనివారం చిన్న ట్యూబు ఒకటి కొనుక్కొచ్చి, టెంటుతో పాటు వచ్చిన పేలిక ముక్క మీద అంటించి, ఒక రాత్రంతా ఆరబెట్టి, పెద్దబాపు చేత గుంజించి చూడాలి.