నీల్ దీవి: పోటూ, పాటూ, కాస్త మన పాట్లూ

అండమాన్‌లోని నీల్ దీవి జెట్టీలో దిగగానే "ఆటో కావాలా, స్కూటీ కావాలా" అని చుట్టుముడతారు. వాళ్ళకి జవాబు చెప్పేముందు మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఈరోజు పాటు ఎన్నింటికి? సముద్రం పొంగితే పోటు, వెనక్కి తగ్గితే పాటు అంటారు మన తీరంలో. అక్కడ "లో టైడ్ కబ్ హై" అని హిందీలో అడిగితే టీ కొట్టులో కూడా చెప్తారు. ఈ దీవిలో చూడాల్సినవాటిలో సగం పాటున్నప్పుడే కనిపిస్తాయి, మిగతా సగం పోటున్నప్పుడే బాగుంటాయి. ఇది తెలియక హోటల్‌వాళ్ళు ఇచ్చిన టైమ్‌టేబుల్ ప్రకారం తిరిగినవాళ్ళే "అక్కడ ఏముందండీ, ఒక్క పూట చాలు" అంటారు.

మేము రెండు రాత్రులు ఉన్నాం. ఫిబ్రవరిలో, పౌర్ణమి వెళ్ళిన మర్నాడు దిగాం. తేదీ కావాలనే చూసుకున్నాం. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటుకీ పాటుకీ తేడా ఎక్కువ, అష్టమి రోజుల్లో తక్కువ. అష్టమికి వెళ్తే నీళ్ళు సగం తగ్గి ఆగిపోతాయి, రాళ్ళు పూర్తిగా బయటపడవు. రోజుకి రెండు పాట్లు వస్తాయి, మధ్యలో సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈరోజు 4 గంటలకి పాటైతే రేపు 4:50కి. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు, మూడు రోజుల కార్యక్రమం కాగితం మీద వేసుకోవచ్చు.

రెండో లెక్క సూర్యుడిది. అండమాన్‌లోనూ మన గడియారమే, కానీ దీవి 93 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. హైదరాబాద్‌తో పోలిస్తే పొద్దు దాదాపు గంట ముందు పొడుస్తుంది, గంట ముందే గుంకుతుంది. ఫిబ్రవరిలో సాయంత్రం ఐదున్నరకి సూర్యుడు వెళ్ళిపోతాడు. భోంచేసి కునుకు తీసి నాలుగున్నరకి బయల్దేరదామనుకుంటే రోజు అయిపోయినట్టే.

టికెట్లు కొనేటప్పుడు పేర్లతో తికమక పడొద్దు. 2018 డిసెంబరు 30న నీల్‌కి షహీద్ ద్వీప్ అని, పక్కనున్న హావ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. ఒకచోట పాత పేరు, ఇంకోచోట కొత్త పేరు కనిపిస్తుంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రైవేటు ఫెర్రీలో గంటన్నర, ప్రభుత్వ ఓడలో రెండు గంటలు పడుతుంది. ప్రైవేటు వాటిలో ఏసీ, మూసేసిన అద్దాలు. కడుపులో తిప్పేవాళ్ళకి అదే శత్రువు. ప్రభుత్వ ఓడలో చాలావాటికి పైకెక్కి గాలి పీల్చుకునే వీలుంటుంది, టికెట్టూ చవక. వాంతుల మాత్ర ఓడ ఎక్కడానికి అరగంట, గంట ముందు వేసుకుంటేనే పనిచేస్తుంది, తిప్పడం మొదలయ్యాక మింగితే అదీ బయటికొస్తుంది. కూర్చునేది కింది అంతస్తులో, మధ్యకో వెనక్కో అయితే ఊపు తక్కువ. ఇంకొకటి: దీవి నుంచి తిరిగొచ్చే ఫెర్రీనీ, ఇంటికి వెళ్ళే విమానాన్నీ ఒకే రోజు పెట్టుకోవద్దు. గాలివాన సూచన వస్తే ఫెర్రీలు ఆపేస్తారు, విమానం మన కోసం ఆగదు. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో గడపండి. ఊళ్ళో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, బజార్లో తెలుగు మాట చెవినపడుతుంది.

దీవి మొత్తం 14 చదరపు కిలోమీటర్ల లోపే. ఊళ్ళు ఐదు: రామ్‌నగర్, సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్, నీల్ కేంద్ర. శత్రుఘ్నుడికి మాత్రం ఎందుకో ఊరు దక్కలేదు. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థి కుటుంబాలకి ఇక్కడ భూములిచ్చారు, అందుకే ఇళ్ళలో బెంగాలీ, బయట హిందీ. రోడ్డుకి అటూ ఇటూ వరి, అరటి, కూరగాయల మళ్ళు. పోర్ట్ బ్లెయిర్‌కి ఇక్కణ్ణుంచి కూరగాయలు వెళ్తాయి.

తిరగడానికి సైకిలే మేలు. జెట్టీ నుంచి లక్ష్మణ్‌పూర్ 2 కిలోమీటర్లు, దూరమైన సీతాపూర్ 5. తీసుకునేముందు రెండు బ్రేకులూ పట్టి చూడండి, ఉప్పుగాలికి తీగలు తుప్పుపట్టి పట్టేస్తాయి. సీటు మీ నడుం ఎత్తుకి పెట్టించుకోండి. చైను ఎర్రగా ఉంటే వేరేది అడగండి, రెండో ఎత్తులో ఊడిపోతుంది. సైకిళ్ళకి లైట్లుండవు కాబట్టి తలకి కట్టుకునే చిన్న టార్చి ఉండాలి. స్కూటీ అయితే లైసెన్సు అసలుది దగ్గరుంచుకుని, బండి మీద పాత గీతలకి ఇచ్చినవాళ్ళ ఎదుటే ఫోటో తీయండి.

మొదటి రోజు పాటు సాయంత్రం నాలుగు ప్రాంతంలో పడింది. అందుకని గదిలో సామాను పడేసి సహజ శిలాతోరణానికి వెళ్ళాం. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో ఉంది అది. బెంగాలీలు హౌరా బ్రిడ్జి అని పేరు పెట్టుకున్నారు. ఎప్పటిదో పగడపు సున్నపురాయి, అలలు కింది మెత్తటి భాగాన్ని తొలిచేసి పైకప్పు మిగిల్చాయి. పోటున్నప్పుడు వెళ్తే దూరం నుంచి ఫోటో తీసుకుని వెనక్కి రావడమే. పాటుకి గంటన్నర ముందు చేరితే, తగ్గుతున్న నీళ్ళ వెంబడే నడుచుకుంటూ కిందిదాకా వెళ్ళొచ్చు.

అయితే అసలు చూడాల్సింది తోరణం కాదు, దారిలో రాళ్ళ మధ్య మిగిలిపోయే నీటిగుంటలు. ఒక్కో గుంట దగ్గర కదలకుండా రెండు నిమిషాలు కూర్చోవాలి. మన నీడ నీళ్ళ మీద పడితే అన్నీ దాక్కుంటాయి కాబట్టి సూర్యుడికి ఎదురుగా కూర్చోవాలి. మెల్లగా సముద్రదోసకాయ, పువ్వులా విచ్చుకున్న ఎనిమోన్, నీలం పెదవుల పెద్ద ఆల్చిప్ప, ఎండ్రకాయలు ఒక్కొక్కటే బయటపడతాయి. దారి మొదట్లో స్థానిక గైడ్లుంటారు. మాకు రాయిలా కనిపించినచోట గైడు ఆక్టోపస్‌ని చూపించాడు, ఆ డబ్బు దండగ కాదు. దేన్నీ చేత్తో పైకెత్తమని అడక్కండి, గైడు తనే ఎత్తబోతే వద్దని చెప్పండి.

కాళ్ళకి వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు కావాలి. హవాయి చెప్పులు రాళ్ళ సందుల్లో ఇరుక్కుని ఊడిపోతాయి, ఉత్తి కాళ్ళతో వెళ్తే పగడం కోస్తుంది, ఆ గాటు వారమైనా మానదు. బూడిదరంగు గరుకు రాయి మీద అడుగేయండి, పచ్చగా నున్నగా ఉన్నది పాచి. సముద్రపు ముళ్ళకాయ (ఒళ్ళంతా ముళ్ళుండే సీ అర్చిన్ అనే జీవి) గుచ్చుకుంటే పైకి కనిపించే ముళ్ళు జాగ్రత్తగా తీసి, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో కాలు అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచాలి. వేడికి నొప్పి తగ్గుతుంది. ముల్లు లోతుగా విరిగితే డాక్టరు దగ్గరికే.

తోరణం నుంచి తిరిగొచ్చేటప్పుడే చాలామంది మోసపోతారు. పాటు నుంచి పోటుకి ఆరు గంటలు పడుతుంది కానీ నీళ్ళు ఒకే తీరులో పెరగవు. మొదటి గంటలో మొత్తం పెరుగుదలలో పన్నెండో వంతు, రెండో గంటలో ఆరో వంతు, మూడు, నాలుగు గంటల్లో పావు చొప్పున పెరుగుతాయి. మొదటి గంట చూసి "ఇంకా టైముంది" అనుకుంటాం, తర్వాత వచ్చిన దారే కనపడదు. పాటు వేళ దాటిన అరగంటకల్లా వెనుదిరగడం మా నియమం. అక్కణ్ణుంచి సైకిలెక్కితే లక్ష్మణ్‌పూర్ మొదటి బీచ్‌లో సూర్యాస్తమయం అందుతుంది. అక్కడ తడి ఇసుక మీద కూర్చోవద్దు. ఇసుక ఈగలు సాయంత్రం బయటికొస్తాయి, కుట్టినప్పుడు తెలియదు, రాత్రికి దురద మొదలై నాలుగైదు రోజులుంటుంది. నిండు ప్యాంటు, కింద చాప, కాళ్ళకి మందంగా కొబ్బరినూనె. గోకితే పుండవుతుంది.

రెండో రోజు పొద్దున పోటు, కాబట్టి భరత్‌పూర్. జెట్టీ పక్కనే, లోతు తక్కువ, అద్దం అడుగున్న పడవలు అక్కడే. పాటులో పగడాల మీదికి పడవలు రాలేవు. సూర్యుడు పైకెక్కాక, 9 నుంచి 12 మధ్య, నీళ్ళలోకి వెలుగు బాగా దిగుతుంది. ముందు రోజు వాన పడితే మాత్రం నీళ్ళు మసకే, డబ్బు మిగుల్చుకోండి. 2010లో సముద్రం వేడెక్కి అండమాన్ పగడాలు చాలావరకు తెల్లబోయాయి, వాటిలో కొన్ని చచ్చిపోయాయి. అందుకే రంగురంగుల పోస్టర్ చూసి వెళ్తే నిరాశ. చేపలకి మాత్రం లోటు లేదు. అక్కడి సముద్రపు గడ్డిని మేయడానికి సముద్రపు ఆవు (డుగాంగ్ అనే జంతువు) వస్తుంటుంది. కనిపిస్తే అదృష్టం, వెంటపడితే పాపం.

ముఖం నీళ్ళలో పెట్టి ఈదే స్నార్కెలింగ్‌కి ఈత రాకపోయినా లైఫ్ జాకెట్‌తో దిగొచ్చు. తేడా వచ్చేది మాస్కు దగ్గరే. పట్టీ వేసుకోకుండా మాస్కు ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి, చెయ్యి వదిలినా అంటుకుని ఉంటే అది మీకు సరిపోయినట్టు. మీసం, నుదుటి వెంట్రుకలు అంచు కిందికి వస్తే నీరు కారుతుంది. మీసానికి కాస్త వాజలిన్ పూస్తే చాలావరకు ఆగుతుంది. పట్టీ బిగిస్తే కారడం ఆగుతుందనుకుంటారు, నిజానికి అంచు వంకరపోయి ఇంకా ఎక్కువ కారుతుంది. అద్దం మసకబారకుండా లోపల ఉమ్మి రాసి ఒక్కసారి కడగాలి. గొట్టంలోకి నీళ్ళొస్తే తల ఎత్తొద్దు, "ఫూ" అని గట్టిగా ఊదాలి. ఎండ తెలియకుండానే వీపు కాల్చేస్తుంది కాబట్టి పొడుగు చేతుల టీషర్ట్ వేసుకోండి, క్రీము పూసుకునే అవసరం తగ్గుతుంది. పగడం మీద నిలబడితే దానికీ నష్టం, మీ కాలికీ.

గాలి సిలిండరుతో లోతుకి దిగే స్కూబా కూడా ఉంది. జలుబుంటే దిగొద్దు, చెవుల్లో ఒత్తిడి సర్దుకోదు. ఒక్క డైవ్ చేసినా విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగాలి.

సీతాపూర్ సూర్యోదయానికి. ఫిబ్రవరిలో ఆరింటికి పొద్దు పొడుస్తుంది, ఐదుంబావుకి సైకిలెక్కాలి. అలలు పెద్దవి, ఈతకి కాదు.

తిండికి ఇబ్బంది లేదు, బెంగాలీ వంట, తాజా చేప. కాల్చిన చేప కావాలంటే బీచ్‌కి వెళ్ళేముందే చెప్పి వెళ్ళండి. సిగ్నల్ పోతే ఫోన్ చెల్లింపు పనిచేయదు, చిన్న నోట్లు పోర్ట్ బ్లెయిర్‌లోనే తెచ్చుకోండి. చాలా హోటళ్ళు గది పొద్దున్నే ఖాళీ చేయమంటాయి, ఫెర్రీ మధ్యాహ్నమైతే సామాను ఎక్కడుంచుతారో ముందురోజే మాట్లాడుకోండి.

గవ్వలూ పగడపు ముక్కలూ సంచిలో వేసుకోవద్దు. పగడాలకి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది, విమానాశ్రయం స్కానర్‌లో దొరుకుతాయి. పిల్లల జేబులు కూడా దులపండి. మాకు బట్టలకంటుకున్న ఇసుకే మిగిలింది.

తిరుగు ఫెర్రీకి గంట ముందు జెట్టీలో ఉండమంటారు. ఆ గంట వృథా కాదు. పోలరాయిడ్ కళ్ళద్దాలు పెట్టుకుని జెట్టీ అంచు నుంచి కిందికి చూడండి. నీటి మీది మెరుపు పోయి, స్తంభాల చుట్టూ తిరిగే చేపల గుంపులు పైనుంచే కనిపిస్తాయి.