ఖాళీ డబ్బాయే మా ఆర్డర్

ఆత్రేయపురంలో మా పూతరేకుల కొట్టుకి వచ్చిన చుట్టాలు ముందు అడిగేది, "సరుకేదమ్మా?" అని. బల్ల మీద చుట్టి పెట్టిన పెట్టెలు నాలుగైదు మించి ఉండవు. మిగతా సరుకంతా వెనక గదిలో ఒట్టి రేకులుగా, మూత గట్టిగా బిగించిన పెద్ద రేకు డబ్బాల్లో ఉంటుంది. ఎవరు ఏది అడిగితే అది అప్పుడు చుట్టిస్తాం. మా అత్తగారికి మొదట్లో ఇది అస్సలు నచ్చలేదు. "కొట్టు నిండుగా కనపడకపోతే కొనేవాడు గుమ్మం ఎక్కడు" అనేవారు. ఆ మాటా నిజమే కాబట్టి అద్దాల బీరువా నిండా ఖాళీ పెట్టెలు పేర్చాం. ఇప్పుడు ఇద్దరికీ గొడవ లేదు.

పెళ్ళికి ముందు నేను చెన్నై పక్కన ఒరగడంలో కార్ల విడిభాగాల కంపెనీ స్టోర్స్‌లో పనిచేశాను. 'లీన్' అనే మాట, అంటే నిల్వలు తగ్గించి వృథా లేకుండా నడపడం, అక్కడ రోజూ చెవిన పడేది. గోడ మీద స్టాక్ ఎంత తగ్గిందో గ్రాఫు, ఆ పక్కనే మేనేజర్లు చప్పట్లు కొడుతున్న ఫొటో. గేటు బయటికి వస్తే మాత్రం చిన్న చిన్న సప్లయర్ల వ్యాన్లు వరసగా నిలబడి ఉండేవి, ఎప్పుడు పిలుస్తారా అని. సరుకు ఎక్కడికీ పోలేదు. మా పుస్తకంలోంచి దిగి వాళ్ళ నెత్తికెక్కింది, అంతే. దాన్ని లీన్ అనడం నాకు అప్పుడూ ఎబ్బెట్టుగానే ఉండేది.

ఇక్కడికొచ్చాక ఈ వ్యాపారంలో నేను పెట్టుకున్న లెక్క ఒక్కటే: సరుకుని ఏ రూపంలో, ఎవరి దగ్గర ఆపాలి?

పూతరేకు ఎలా పుడుతుందో తెలిస్తే ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. జయ బియ్యం నానబెట్టి, జారుగా రుబ్బుతారు. బోర్లించిన కుండ లోపల ఎండు కొబ్బరాకు మంట. పల్చటి గుడ్డని పిండిలో ముంచి వేడెక్కిన కుండ మీద ఒక్క లాగు లాగితే, కన్ను మూసి తెరిచేలోగా కాగితం కన్నా పల్చగా రేకు లేస్తుంది. తేమ తగలనివ్వకపోతే ఆ రేకు చాలాకాలం ఉంటుంది. నెయ్యి రాసి, పంచదార పొడి జల్లి చుట్టాక మాత్రం రోజులు లెక్కపెట్టుకోవాల్సిందే. పైగా చుట్టే దాకా అది ఒట్టి రేకే, ఏదైనా అవుతుంది: పంచదారదో, బెల్లందో, జీడిపప్పు బాదంపప్పు వేసిందో. చుట్టేశాక ఇక మార్చలేం. పొద్దున్నే పంచదారవి వంద చుట్టి కూర్చుంటే, ఆ రోజు వచ్చినవాళ్ళంతా బెల్లంవే అడుగుతారు. ఇది ఎవరూ రాయని శాస్త్రం.

ఇటలీలో బెనెటన్ అనే బట్టల కంపెనీ ఇదే పని స్వెట్టర్లతో చేసింది. రంగు వెయ్యని నూలుతో ముందే అల్లి ఉంచి, ఏ రంగు అమ్ముడుపోతోందో చూశాక అద్దకం వేసేవాళ్ళు. ట్రైనింగ్‌లో ఈ కథ విన్నప్పుడు ఊరికే తలూపాను. అత్తగారు రేకు మీద నెయ్యి రాస్తుంటే పక్కన కూర్చున్న రోజున గానీ తలకెక్కలేదు.

రేకులు తీసేది చుట్టుపక్కల ఇళ్ళలో ఆడవాళ్ళు. ఇంటికి ఇన్ని డబ్బాలని ఇచ్చాం. నిండిన డబ్బా ఆటోలో మాకొస్తుంది, మేము వాడేసిన ఖాళీ డబ్బా అదే ఆటోలో వెనక్కి వెళ్తుంది. ఖాళీ డబ్బా చేరితే అది నింపమని. చేరకపోతే కుండ ఎక్కించొద్దని. ఫోన్లు లేవు, వాట్సాప్ గ్రూపు లేదు, 'మీరు అన్నారు, నేను అనలేదు' అనే తగాదా లేదు. జపాన్ కార్ల కంపెనీ టొయోటాలో తైచీ ఓనో అనే ఇంజినీరు పెట్టిన కన్‌బాన్ చీటీ పద్ధతి మూలసూత్రం కూడా ఇదే. అమెరికా సూపర్ మార్కెట్లో కొన్నవాళ్ళు తీసుకున్నంత మేరకే అరలు మళ్ళీ నింపుతారు కదా, ఆ ఆలోచనని ఆయన ఫ్యాక్టరీలోకి తెచ్చారు. వాడుకునే విభాగం నుంచి చీటీ రాకుండా, తయారుచేసే విభాగం ఒక్క ముక్క కూడా చెయ్యకూడదు.

అయితే ఇక్కడో చిక్కుంది. డబ్బా పంపలేదంటే ఆ ఇంట్లో ఆ రోజు కూలి లేనట్టే. మొదట్లోనే ఒక పిన్నిగారు మొహమాటం లేకుండా అడిగేశారు, "డబ్బా రాలేదంటే మేం కుండ దించేసి కూకోవాలాండి?" అని. ఒరగడం గేటు ముందు వ్యాన్లు గుర్తొచ్చాయి. అందుకే అమ్మకం మందగించినా వారానికి ఇంటికి ఇన్ని డబ్బాలు తప్పనిసరిగా తీసుకుంటాం. ఎక్కువైన రేకు మా గదిలోనే ఆగుతుంది, వాళ్ళ ఇంట్లో కాదు. నిండిన డబ్బా దిగగానే డబ్బులిచ్చేస్తాం. చేతిలో డబ్బు పడుతోంది కాబట్టే వాళ్ళు మందం తేడా రానివ్వరు, చిరుగుల్ని అడుగున దాచరు. నేను చూసినంతలో నాణ్యత తనిఖీ కన్నా ఇదే చవక. ఇందువల్లే నెల రోజుల అప్పు మీద పెద్ద ఆర్డర్ ఇస్తానన్న ఒక హైదరాబాద్ హోల్‌సేలర్‌కి వద్దని చెప్పాల్సి వచ్చింది. మా ఆయన రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

నిల్వ పెట్టాల్సిన ఇంకో వస్తువుని చూస్తే కంపెనీ వాళ్ళు నవ్వుతారు. ఎండు కొబ్బరాకు! కోనసీమలో కొబ్బరాకుకి కరువేంటి అంటారేమో. ముసురు పట్టినప్పుడు వచ్చి చూడండి. బియ్యం ఉంటాయి, కుండ ఉంటుంది, మనుషులుంటారు, అంటుకునే ఆకు మాత్రం ఉండదు. తడాకు పొగ కడితే మంట నిలకడగా ఉండదు, రేకు లేవదు. అందుకే వేసవిలోనే ఆకు కొని, కుండ పెట్టే ప్రతి ఇంటి దగ్గరా రేకుల షెడ్డు కింద కట్టలు కట్టించి ఉంచుతాం. నెయ్యి మాత్రం వారానికి సరిపడానే. దాన్ని నిల్వ పెడితే వాసన మారుతుంది, డబ్బూ ఇరుక్కుంటుంది.

గిరాకీ సంగతికొస్తే మాకు శనివారాలు వాడపల్లి వెంకన్న చూసుకుంటాడు. ఏడు శనివారాల మొక్కుకి వచ్చే జనం అంతా ఇంతా కాదు. శుక్రవారం సాయంత్రం నుంచే చుట్టడం మొదలుపెడతాం. నా పరిశీలన ఏంటంటే మొదటి వారాల్లో వచ్చినవాళ్ళు ఒక పెట్టెతో సరిపెట్టుకుంటారు, ఏడో వారం పూర్తిచేసుకున్నవాళ్ళు ఊళ్ళో బంధువులందరికీ కలిపి కొంటారు. ఎన్నో వారమండీ అని అడగడం మా కుర్రాడికి అలవాటైపోయింది. భక్తి అనుకుంటారు పాపం.

ఇక గోదావరి. దీని ముందు ఏ లీనూ నిలవదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. లంకల్లో ఇళ్ళు మునిగిన చోట పూతరేకుల మాట ఎవరెత్తుతారు? ఆ తర్వాతే మేమొక పద్ధతి పెట్టుకున్నాం. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకి, రెండోది 48కి, మూడోది 53కి. ఆ నీళ్ళు మా దాకా రావడానికి కొంత వ్యవధి ఉంటుంది. టీవీలో 43 అని కనపడగానే లంకల వైపు ఇళ్ళలో ఉన్న నిండు డబ్బాలన్నీ, సగం నిండినవైనా సరే, తెప్పించేస్తాం. డబ్బులు వెంటనే ఇచ్చేస్తాం, ఆ రోజుల్లో చేతిలో డబ్బు అవసరం కదా. 48 అంటే కొత్తగా చుట్టడం ఆపుతాం. రావులపాలెం నుంచి సరుకు తీసుకెళ్ళే రాత్రి బస్సులు నడుస్తాయో లేదో తెలియనప్పుడు నెయ్యి రాసి కూర్చోవడం దండగ. టొయోటా కూడా 2011 భూకంపం, సునామీ తర్వాత కార్లలో వాడే ఎలక్ట్రానిక్ చిప్‌ల విషయంలో నెలల తరబడి సరిపోయే నిల్వ సప్లయర్ల దగ్గర ఉండేలా చూసుకుంది. 2021లో చిప్‌లు దొరక్క కంపెనీలన్నీ అల్లాడినప్పుడు కొన్నాళ్ళ పాటు అదే వాళ్ళని కాపాడింది. నిల్వ వద్దు అని లోకానికి చెప్పినవాళ్ళే, దొరకడం కష్టమైన దాన్ని దాచుకున్నారు.

ఇంతా చేసి నేను లొంగదీసుకోలేకపోయింది అట్టపెట్టెలని. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చాక అందరికీ ఆ ముద్ర ఉన్న రంగురంగుల పెట్టె కావాలి. ప్రెస్ వాళ్ళు కొద్దిగా వెయ్యమంటే వెయ్యరు, వేలల్లో అయితేనే అంటారు. పంచదారకో పెట్టె, బెల్లానికో పెట్టె అని అచ్చు వేయిస్తే ఒకటి అయిపోయేసరికి ఇంకోటి గుట్టగా మిగులుతుంది. అందుకని పెట్టె అన్నిటికీ ఒకటే పెట్టి, రకం, తయారుచేసిన తేదీ, ఎన్నాళ్ళలో తినాలో ఉన్న స్టిక్కర్ చివర్లో అంటిస్తున్నాం. అయినా పెట్టెలు మంచం కింద దాకా వచ్చాయి. మూడు నెలలకోసారి విడతలుగా పంపమని ప్రెస్ ఆయన్ని అడుగుతున్నాను. మొత్తం డబ్బు ముందే కట్టమంటున్నాడు. సగం కడతానన్నాను. బేరం ఇంకా తెగలేదు.