అంబాసిడర్ ఇంజన్: 500 కిలోమీటర్లకే రాగి రేకులు

క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) గ్రైండింగ్ చేయించి, అది సన్నబడిన మేరకు 20 అండర్‌సైజ్ (అంగుళంలో వెయ్యింట 20 వంతుల తేడా) బేరింగులు వేసి బిగించిన మా 1489 సీసీ పెట్రోల్ ఇంజన్ పోయిన వారానికి 500 కిలోమీటర్లు తిరిగింది. అంతా అనంతపురం, పామిడి మధ్యే, 50 స్పీడు దాటకుండా. వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆయిల్ ప్రెజర్ 10 పౌండ్లకు దిగుతోంది. మొదట్లో 20 ఉండేది.

"ఎండలు కదా సామీ, ఆయిల్ పల్చబడతాది. ఏం కాదులే" అన్నాడు మెకానిక్ భాయ్. 42 డిగ్రీలు నిజమే. కానీ మొదటి రోజూ ఇదే ఎండ!

ఆయిల్ వేడి మీదుండగానే తెల్ల ఎనామిల్ తట్టలోకి దింపా. ఎండకు సన్నటి తళుకు కనిపించింది. పాలిథిన్ కవర్లో చుట్టిన అయస్కాంతం తిప్పితే బూడిద రంగు ముద్దలా అంటుకుంది. అది కొత్త రింగులు, బోరు ఒరుసుకున్న ఇనుప పొడి, భయం లేదు. ఫిల్టర్ విప్పాక మొదలైంది టెన్షన్. కాగితాన్ని బ్లేడుతో కోసి, న్యూస్‌పేపర్ మధ్య అదిమి చూస్తే మడతల్లో రాగి రంగు రేకులు. ఆవగింజలో సగం కూడా లేవు, అయస్కాంతానికి రావు. బేరింగ్ పైపూత పాతిక మైక్రాన్లకు మించదు. అది అరిగితేనే కింది రాగి బయటికొచ్చేది.

ఆదివారం ఆయిల్ ఛాంబర్ విప్పాం. 1, 2, 4 బిగ్ ఎండ్ బేరింగులు (కనెక్టింగ్ రాడ్డు క్రాంకును పట్టుకునే చోట ఉండేవి) ఒకే తీరున మసక బూడిద రంగులో ఉన్నాయి. మూడోదాని పై షెల్ (బేరింగు పై సగం) మీద మాత్రం గీతలు. సరిగ్గా క్రాంక్ ఆయిల్ రంధ్రం తిరిగే వరుసలోనే రాగి మెరుస్తోంది. అంటే చెత్త ఆ రంధ్రంలోంచే వస్తోంది.

బేరింగుకూ క్రాంకుకూ మధ్య గ్యాప్ ప్లాస్టిగేజ్ అనే మైనపు దారంతో కొలిచా. జర్నల్ (క్రాంక్ మీద బేరింగు కూర్చునే చోటు) మీద ఆయిల్ తుడిచి, దారం పెట్టి, టార్క్ రెంచ్‌తో బిగించి విప్పడమే. మధ్యలో క్రాంక్ తిప్పకూడదు, తిప్పి ఒక ముక్క పాడుచేసుకున్నా. దారం ఎంత వెడల్పుగా నలిగితే గ్యాప్ అంత తక్కువ. మిగతా మూడూ 0.05 మి.మీ., మూడోది స్కేలు చివరి గీత 0.076.

జర్నల్ మీద గోరు లాగితే ఎక్కడా తట్టలేదు. ఆ ఒక్క బేరింగు మారిస్తే చాలన్నాడు భాయ్. చెత్త లోపలే ఉంటే కొత్తదానికీ ఇదే గతి కదా! గొణుక్కుంటూనే ఇంజన్ దించాడు. క్రాంక్ ఆయిల్ దారుల్లో కిరోసిన్ పోసి సన్నటి బ్రష్ తోస్తే నల్లటి ముద్ద ఊడిపడింది. వేళ్ల మధ్య నలిపితే ఇసుకలా గరగర. గ్రైండింగ్ పొడి! లేత్ షాపువాళ్లు కడిగే ఇచ్చుంటారనుకుని నేనూ చూసుకోలేదు. భాయ్ ఏమీ అనలేదు గానీ, గాలి కొట్టాక తనే ఇంకోసారి కడిగాడు.

బేరింగులన్నీ మార్చాం. స్పార్క్ ప్లగ్గులు తీసి, గేజ్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ తిప్పి, తర్వాతే స్టార్ట్ చేశాం. 120 కిలోమీటర్లయ్యాయి. వేడి మీద ఐడ్లింగ్‌లో 20, రోడ్డు మీద 50. ఫిల్టర్ మళ్లీ 300 దగ్గర కోస్తా.