బారసాలకి ముందే వచ్చిన బర్త్ సర్టిఫికెట్, ఆగిపోయిన ఫుట్‌బాల్ రిజిస్ట్రేషన్

బెంగళూరులో ఫుట్‌బాల్ ఆడే తెలుగు పిల్లల రిజిస్ట్రేషన్ వయసు దగ్గర కంటే పేరు దగ్గరే ఎక్కువ ఆగుతుంది. మొదటి కాన్పు పుట్టింట్లో కాబట్టి బిడ్డ పుట్టేది గుంటూరులోనో అనంతపురంలోనో. జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలని చట్టం. బారసాల 21వ రోజున చేసే ఇళ్ళు మనలో బోలెడు. ఆసుపత్రి వాళ్ళు ఈలోపే వివరాలు పంపేస్తారు, పేరు గడి ఖాళీగా ఉండిపోతుంది. పన్నెండేళ్ళ తర్వాత అకాడమీ మేనేజర్ ఆ కాగితం తెరిస్తే తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ అన్నీ ఉంటాయి, ఆడేవాడి పేరు ఒక్కటే ఉండదు.

దీనికి దారి ఉంది. నమోదైన ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత 15 ఏళ్ళ వరకు లేట్ ఫీజు కట్టి పేరు చేర్పించుకోవచ్చు. అండర్-15 ఆడే వయసుకి ఆ గడువు ముంచుకొచ్చేసి ఉంటుంది. ఆ పని పుట్టిన ఊళ్ళో నమోదు చేసిన రిజిస్ట్రార్ దగ్గరే అవుతుంది, బెంగళూరు కార్పొరేషన్ ఆఫీసు చుట్టూ తిరిగి లాభం లేదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చూద్దాంలే అనుకుంటారు గానీ, పండగ రోజుల్లో ఆ ఆఫీసుకీ సెలవే.

పేరు ఉన్నా తిప్పలు తప్పవు. సర్టిఫికెట్‌లో కొండవీటి సాయి తేజస్. ఆధార్‌లో కె. సాయి తేజస్. స్కూల్లో సాయి తేజస్ కె. పాస్‌పోర్టులో ఇంటిపేరు వెనక్కి వెళ్ళి సాయి తేజస్ కొండవీటి. మనకి నలుగురూ ఒకడే, కాగితాలు పరిశీలించే మనిషికి నలుగురు పిల్లలు. ఇంటిపేరు ముందుండే పద్ధతి ఇక్కడివాళ్ళకి అలవాటు లేదు, ఇనీషియల్ అంటే తండ్రి పేరో ఊరి పేరో అనుకుంటారు. అందుకే ముందు బర్త్ సర్టిఫికెట్ సరిచేయించి, దాన్ని బట్టి ఆధార్, దాన్ని బట్టి స్కూల్ రికార్డు మార్పించాలి. ఈ వరస తిరగబడితే డబ్బులూ సెలవులూ రెండూ దండగ. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం మామూలుగా ఒక్కసారే ఇస్తారు. పైగా ఆధార్ గుర్తింపు కార్డే తప్ప పుట్టిన తేదీకి రుజువు కాదని దాన్ని జారీ చేసే సంస్థే చెప్పింది. ఆధార్ చూపించి ఆడిద్దాం అనే కోచ్ మాట నమ్మకండి.

స్కూల్ తేదీ తేడా ఇంకో రకం. జూన్ 1 నాటికి ఒకటో తరగతికి కావాల్సిన వయసు నిండాలన్న కర్ణాటక నిబంధన కోసం జులైలో పుట్టినవాణ్ణి మేలో పుట్టినట్టు రాయించేస్తారు. దాంతో పిల్లాడికి ఆటలో లాభమేమీ లేదు, కాగితంలో రెండు నెలలు పెద్దవాడయ్యాడంతే. అయినా రెండు తేదీలు కనపడగానే ఫైలు పక్కన పెట్టేస్తారు.

అండర్-17 అంటే పదిహేడు నిండకూడదని ఇంట్లో లెక్క. టోర్నీ చూసేది పుట్టిన సంవత్సరం. 2025 అండర్-17 ప్రపంచకప్‌లో 2008 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్ళు ఆడారు. అంటే ఆ ఏడాది పదిహేడు నిండినవాళ్ళూ అర్హులే. ప్రైవేటు టర్ఫ్ టోర్నీలు సొంత కటాఫ్‌లు పెట్టుకుంటాయి, కాబట్టి సర్క్యులర్‌లో తేదీ చదివాకే డబ్బు కట్టండి.

పరిశీలకుడి కన్ను ముందు పడేది పుట్టిన తేదీ మీద కాదు, నమోదు తేదీ మీద. పుట్టిన ఎనిమిదేళ్ళకి నమోదైన సర్టిఫికెట్ నిజమైనదే అయినా అనుమానం వస్తుంది. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు మీదే నమోదు చేస్తారు కాబట్టి ఆ ఉత్తర్వు కాపీ, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు జత చేయండి. టీకాల కార్డు పాతబడి, నూనె మరకతో ఉన్నా సరే, అప్పటి చేతిరాత, అప్పటి తేదీలు తర్వాత పుట్టించలేనివి.

ఇక ఎముకల పరీక్ష. టీడబ్ల్యూ3 అంటే ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రేలో 13 ఎముకల ఎదుగుదలకి మార్కులు వేసి ఎముక వయసు తేల్చడం. మగపిల్లల్లో ఆ లెక్క 16.5 దగ్గర, ఆడపిల్లల్లో 15 దగ్గర ఆగిపోతుంది. త్వరగా ఎదిగిన పిల్లాడికి నిజం వయసు కంటే ఎక్కువ రావచ్చు. మీసాలు ముందొచ్చినంత మాత్రాన దొంగ కాడు. బయట ల్యాబ్‌లో తీయించిన ఎక్స్‌రే పట్టుకెళ్ళి వాదించడం వృథా, నిర్వాహకులు చెప్పిన చోట తీసిందే చూస్తారు.

వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు అసలు చిక్కు అమెరికా నుంచి తిరిగొచ్చిన పిల్లలది. పదేళ్ళు దాటి, అక్కడ క్లబ్‌లో రిజిస్టరై ఆడినవాడికి ఇక్కడ రిజిస్టర్ కావాలంటే అంతర్జాతీయ బదిలీ సర్టిఫికెట్ కావాలి. తల్లిదండ్రులు నేరుగా అడగలేరు. క్లబ్ అడగాలి, జాతీయ సమాఖ్య ద్వారా ఫిఫా వ్యవస్థలో నడవాలి. 18 ఏళ్ళలోపువాళ్ళకి అంతర్జాతీయ బదిలీ మామూలుగా కుదరదు. తల్లిదండ్రులు ఫుట్‌బాల్ కోసం కాకుండా వేరే కారణంతో మకాం మార్చారన్నది మినహాయింపుల్లో ఒకటి, కాబట్టి నాన్న ఆఫీసు లెటర్, ఇంటి అద్దె ఒప్పందం కీలకం. అమెరికా పౌరసత్వం ఉన్న పిల్లాడు అక్కడ ఏ క్లబ్‌కీ ఆడకపోయినా ఇవే షరతులు. ఇక్కడ వరసగా అయిదేళ్ళు ఉంటే తప్ప. ఇంకోటి, అమెరికా సర్టిఫికెట్‌లో 04/07 అంటే ఏప్రిల్ 7. ఇక్కడ ఫారం నింపేవాళ్ళు జులై 4 అని కొట్టేస్తారు. అమెరికా పాస్‌పోర్టులో నెల అక్షరాల్లో ఉంటుంది, అది చూసి నింపించండి.

అకాడమీ మారేటప్పుడు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆటగాళ్ళని నమోదు చేసే సీఆర్‌ఎస్‌లో పిల్లాడికున్న ఐడీ నంబరు అడిగి రాసిపెట్టుకోండి. అది తెలియక కొత్త అకాడమీ ఒక అక్షరం తేడాతో మళ్ళీ నమోదు చేస్తే ఒకే పిల్లాడు రెండు క్లబ్‌లలో కనిపిస్తాడు. ఫిఫా నిబంధనల్లో ఒకసారికి ఒకే క్లబ్, సీజన్‌లో ఎక్కువలో ఎక్కువ మూడింట్లో రిజిస్ట్రేషన్, అధికారిక మ్యాచ్‌లు రెండింటికే. పాత అకాడమీ ఫీజు బాకీ ఉందని విడుదల చేయకపోతే మాటల్లో వదిలేయకుండా ఈమెయిల్‌లో అడగండి.

మ్యాచ్ రోజు మేనేజర్ సంచిలో అసలు కాగితాలు ఉండాలి, ఫోన్‌లో ఫోటోలు సరిపోవు. టీమ్ షీట్‌లో పేరు రిజిస్ట్రేషన్‌లో ఉన్నట్టే రాయాలి, జెర్సీ మీదున్న ముద్దుపేరు కాదు. అర్హత లేని ఒక్కడు దిగినా గెలిచిన మ్యాచ్ 0-3గా పోవచ్చు. ఎదుటి జట్టు మీద అభ్యంతరముంటే రాతపూర్వకంగా, ఫీజుతో, సర్క్యులర్‌లో ఇచ్చిన గడువులోపు ఇవ్వాలి. టచ్‌లైన్ దగ్గర అరిచింది లెక్కలోకి రాదు.