రెండు ‘వుడ్ హావ్’ల మధ్య పోయిన నా మొదటి అటెంప్ట్

మొన్న పోటీ పరీక్ష రిజల్ట్ వచ్చింది. లిస్టులో నా నంబరు మూడుసార్లు సరిచూసుకున్నాకే ఇంట్లో చెప్పాను. ఇంగ్లీష్ ఎలా చదివావని అడిగేవాళ్లకి ఇది. వొకాబులరీ, కాంప్రహెన్షన్ అందరిలాగే చదివాను, అందులో కొత్తేం లేదు. నన్ను ముంచింది థర్డ్ కండిషనల్, అంటే జరగని పాత సంగతిని ‘అలా జరిగి ఉంటే ఇలా అయ్యేది’ అని చెప్పే వాక్యం.

కిందటిసారి ఎర్రర్ స్పాటింగ్‌లో వచ్చిన వాక్యం: ‘ఇఫ్ హీ వుడ్ హావ్ టోల్డ్ మీ, ఐ వుడ్ హావ్ వెయిటెడ్.’ రెండు వైపులా వుడ్ హావ్, చెవికి ఇంపుగా ఉంది. ‘నో ఎర్రర్’ పెట్టేశాను. ఇఫ్ వైపు ‘హాడ్ టోల్డ్’ రావాలి. కటాఫ్‌కి ఒక్క మార్కు తగ్గింది. అమెరికన్లు మాటల్లో అలా అంటారుగా అని వారం రోజులు వాదించాను. ఆన్సర్ కీ మారలేదు.

రూల్ రాక కాదు, నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. చిక్కంతా తెలుగులో ఆలోచించడంలో ఉంది. ‘చెప్పి ఉంటే ఆగేవాణ్ణి’ అంటాం, ‘చిన్నప్పుడు రోజూ అక్కడే ఆగేవాణ్ణి’ అనీ అంటాం. మాట ఒకటే. మొదటిది అసలు జరగలేదు, రెండోది రోజూ జరిగింది. ఇంగ్లీషులో మొదటిది ‘వుడ్ హావ్ వెయిటెడ్’, రెండోది ‘యూస్డ్ టు వెయిట్’. ఇది తట్టాక వాక్యం చూడగానే ఒకటే ప్రశ్న వేసుకున్నాను: జరిగిందా, లేదా? వాడు చెప్పలేదు, నేను ఆగలేదు. అయితే ఇఫ్ వైపు హాడ్ ప్లస్ వీ3 (టోల్డ్, వెయిటెడ్ లాంటి క్రియ మూడో రూపం), ఇటు వుడ్ హావ్ ప్లస్ వీ3.

మిగతావి త్వరగా వచ్చేశాయి. ‘ఇఫ్ ఐ హాడ్ స్లెప్ట్ వెల్, ఐ వుడ్ నాట్ బీ టైర్డ్ నౌ’ తప్పు కాదు, ఫలితం ఇప్పటిది. ‘హాడ్ ఐ నోన్’ అన్నాక ఇఫ్ పెట్టకూడదు, ఆప్షన్లలో మాత్రం పెడతారు. ‘షీ వుడ్ హాజ్’ ఉండదు, షీ అయినా హావే.

అదృష్టం అన్నవాళ్లున్నారు. ఏడాదిపాటు పొద్దున్నే, ఫోన్ ముట్టుకోకుండా, రోజుకి పది వాక్యాలు రాశాను. అన్నీ నా గురించే, చేయాల్సింది చేయని పనులకి కొదవా? వీడియో రెండింతల స్పీడులో పెట్టుకుని చూస్తే ఇది రాదు. పెన్ను పట్టాలి.

ఈసారి కండిషనల్ ఒక్కటే ఇచ్చారు, ‘హాడ్ షీ’తో మొదలైంది. చదవడం పూర్తికాకముందే చెయ్యి ఆప్షన్ మీదికెళ్లింది.