అమ్మ ఎడమ చెయ్యి మరచిన పని

రెండేళ్ల క్రితం మెదడు ఎడమ భాగంలో ఒక రక్తనాళం మూసుకుపోవడంతో అమ్మకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కొద్ది రోజుల్లోనే తేరుకుంది. చెప్పినదంతా చక్కగా అర్థం చేసుకునేది. మమ్మల్ని కలవరపెట్టింది ఆమె ఎడమ చెయ్యి. ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు, బలం ఏమాత్రం తగ్గని ఆ చేత్తో తల ఎలా దువ్వుకుంటారో చూపించమని అడిగితే, చెయ్యి చెవి దాకా వెళ్లి ఏం చేయాలో తోచనట్టు గాలిలో ఆగిపోయింది. టాటా చెప్పమంటే వేళ్లు తడుముకున్నాయే తప్ప చెయ్యి ఊగలేదు. అదే సాయంత్రం మనవడు ట్యూషన్‌కు బయలుదేరుతుంటే, గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మ, ఎవరూ అడగకుండానే, అదే చేత్తో వాడికి టాటా చెప్పింది. ఆమె కావాలనే మొండికేస్తోందని బంధువులొకరు అన్న మాట నన్ను చాలా బాధించింది. మెదడు గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఆ మాట వల్లనే.

కుడి చెయ్యి పడిపోవడానికి కారణం తేలికగానే అర్థమైంది. కదలికలను నడిపించే మెదడు పై పొర భాగమైన మోటార్ కార్టెక్స్ నుంచి కిందికి దిగే నరాల పోగుల్లో అధిక భాగం, వెన్నుపాము మొదలయ్యే చోటికి కాస్త పైన, ఒక వైపు నుంచి మరో వైపుకు దాటుతాయి. అందువల్ల మెదడులోని ఎడమ సగం, అంటే ఎడమ అర్ధగోళం, కుడి చేతిని, కుడి అర్ధగోళం ఎడమ చేతిని నడిపిస్తాయి. ఈ లెక్కన అమ్మ ఎడమ చేతికి ఏ లోటూ రాకూడదు.

ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో జర్మన్ వైద్యుడు హ్యూగో లీప్‌మన్ 1900 తర్వాతి దశాబ్దంలోనే వివరించాడు. కుడి వైపు పక్షవాతం వచ్చినవారినీ, ఎడమ వైపు పక్షవాతం వచ్చినవారినీ పరీక్షించి పోల్చినప్పుడు, మొదటివారిలో చాలామంది బాగున్న ఎడమ చేత్తో కూడా అడిగిన సైగలు సరిగా చేయలేకపోవడం, రెండోవారిలో ఆ ఇబ్బంది కనిపించకపోవడం ఆయన గమనించాడు. దువ్వెనను ఎలా పట్టుకోవాలి, ఏ వైపుకు లాగాలి అన్న నేర్పు రెండు చేతుల కోసమూ ఎక్కువగా ఎడమ అర్ధగోళంలోనే ఉంటుందని, ఎడమ చేతిని కదిలించే కుడి అర్ధగోళం ఆ నేర్పును అక్కడి నుంచి అందుకుంటుందని ఆయన నిర్ధారించాడు. ఈ లోపాన్ని అప్రాక్సియా అంటారు. అడిగినప్పుడు చేయలేని పనిని సందర్భం వచ్చినప్పుడు తనంతట తాను చేయగలగడం దీనిలో తరచుగా కనిపించే లక్షణమని చదివిన రోజున, మా బంధువుకు ఫోన్ చేసి ఆ పేరా మొత్తం చదివి వినిపించాను.

కుడిచేతి వాటం గలవారిపై 1993లో జరిగిన ఎఫ్ఎమ్ఆర్ఐ (మెదడులో ఏ భాగం చురుకుగా ఉందో చూపే స్కాన్) పరిశీలన కూడా ఇదే దిశలో ఉంది: కుడి మోటార్ కార్టెక్స్ ప్రధానంగా ఎడమ చెయ్యి కదిలినప్పుడే చురుకుగా ఉంటే, ఎడమ మోటార్ కార్టెక్స్ ఏ చెయ్యి కదిలినా గణనీయంగా స్పందించింది. ఎడమ మెదడు తర్కానికి, కుడి మెదడు కళకు అన్న ప్రచారాన్ని నేను ఇక నమ్మలేను. ముగ్గు కళే అయినా, పిండిని వేళ్ల సందున సన్నగా జారవిడిచే నేర్పుకు ఎడమ అర్ధగోళమే ముఖ్యమైన ఆధారం.

చేయడంలో ఇంత తేడా ఉన్న ఈ రెండు సగాలు, చూడటంలో మరింత కలిసి పనిచేస్తాయి. 1954లో ఫ్రాన్స్‌లో ఆన్రీ గాస్తో అనే వైద్యుడు, కదలకుండా కూర్చుని బాక్సింగ్ దృశ్యం చూస్తున్నవారి ఈఈజీలో (మెదడు విద్యుత్ తరంగాల నమోదులో), చెయ్యి కదిపినప్పుడు అణిగిపోయే మ్యూ అనే తరంగాలు ఊరకే చూస్తున్నప్పుడు కూడా అణిగిపోవడం గుర్తించాడు. 1992లో ఇటలీలోని పార్మాలో శాస్త్రవేత్త జాకొమో రిజ్జొలాటి బృందం, కోతి తాను వస్తువును అందుకున్నప్పుడూ, మనిషి అందుకోవడాన్ని చూసినప్పుడూ స్పందించే మెదడు కణాలను కనుగొంది. మిర్రర్ న్యూరాన్లు అన్న పేరు వాటికి తర్వాత వచ్చింది. సానుభూతి మొదలు భాష వరకు సమస్తాన్నీ ఆ కణాలకే ఆపాదించడం తొందరపాటని నా అభిప్రాయం. చేతుల విషయంలో మాత్రం సాక్ష్యం గట్టిది. ఇతరుల చేతిని చూస్తున్నప్పుడు సాధారణంగా రెండు అర్ధగోళాల్లోనూ చురుకుదనం కనిపిస్తుంది. అయినా 2002లో అయస్కాంత ప్రేరణతో (తల బయటి నుంచి అయస్కాంత తరంగాలతో మెదడును తట్టి లేపే పద్ధతితో) చేసిన ఒక ప్రయోగంలో, కుడి చేతిని చూస్తే ఎడమ అర్ధగోళం, ఎడమ చేతిని చూస్తే కుడి అర్ధగోళం కాస్త ఎక్కువ సిద్ధంగా ఉన్నట్టు తేలింది.

ఈ సంగతి తెలిశాకనే, ఫిజియోథెరపిస్టు తెచ్చిన అద్దం ఎందుకో నాకు అర్థమైంది. తెగిపోయిన చెయ్యి ఇంకా నొప్పి పెడుతోందనేవారి కోసం మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990లలో వాడిన పద్ధతి అది. పక్షవాతం వచ్చినవారిలో 1999లో ప్రయత్నించారు. అమ్మ కుడి చెయ్యి అద్దం వెనుక ఉండేది, ఎడమ చెయ్యి ముందు కదిలేది, అద్దంలో మాత్రం కుడి చెయ్యే కదులుతున్నట్టు కనిపించేది. మొదటి రోజున ఆమె అద్దం వెనక్కి తొంగి చూసి, "నాదేనా?" అని అడిగింది.

రోజుకు అరగంట చొప్పున, మామూలు వ్యాయామాలతో పాటు, ఐదు నెలలు చేయించాం. కుడి చేతి వేళ్లు ముడుచుకోవడం, తెరుచుకోవడం వచ్చింది. పిండి పట్టే పట్టు రాలేదు. ఎడమ చెయ్యి మాత్రం దువ్వెనను మళ్లీ నేర్చుకుంది. ఈ ధనుర్మాసంలో వాకిట్లో పీట మీద కూర్చుని అమ్మ ఎడమ చేత్తో చుక్కలు పెడుతోంది, చెల్లెలు వాటిని కలుపుతోంది.